చలికాలం కాపురాలు: గుడి, చర్చి, ఇరుగుపొరుగు – మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం, రిటైరై చలికాలం నాలుగైదు నెలలు ఫ్లోరిడాకో టెక్సస్‌కో వెళ్లి ఉండే మనవాళ్లు రాసినవే. 1965లో అమెరికా వలస చట్టం మారాక ఇక్కడికి వచ్చిన డాక్టర్లు, ఇంజినీర్లు ఇప్పుడు డెబ్బై దాటి ఎనభైల్లోకి వస్తున్నారు. మిషిగన్‌లోనో షికాగోలోనో మంచు ఎత్తిపోసే ఓపిక లేదు, పిల్లలు వాళ్ల ఉద్యోగాల్లో వాళ్లున్నారు. నవంబర్‌లో దక్షిణానికి దిగి ఏప్రిల్‌లో తిరిగి వెళ్లే ఇలాంటి వాళ్లని ఇక్కడ స్నోబర్డ్స్ అంటారు. ఎండ బాగానే దొరుకుతోంది, ఇల్లూ దొరుకుతోంది, కానీ పూజ, ప్రార్థన, పలకరించే మనిషి, ఈ మూడింటి దగ్గరే ఇబ్బంది పడుతున్నామని రాశారు. కొన్ని ఉత్తరాలు కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మేము ఒహాయోలో చాలా ఏళ్లుగా ఉన్నాం. రిటైరయ్యాక చలికాలం సరసోటాలో అద్దెకుంటున్నాం. దగ్గర్లో పైన్‌క్రాఫ్ట్ అని ఒక పేట ఉంది. గడ్డాల తాతలు, తెల్ల టోపీల అవ్వలు మూడు చక్రాల సైకిళ్ల మీద తిరుగుతూ కనిపిస్తారు. ఆమిష్ వాళ్లట, వాళ్లలో చాలామంది మా ఒహాయో నుంచే వస్తారట. సాయంత్రమైతే అక్కడ తిరునాళ్లే. మా కాంప్లెక్స్‌లో స్విమ్మింగ్ పూల్ ఉంది, క్లబ్‌హౌస్ ఉంది, మనిషి మాత్రం మనిషితో మాట్లాడడు. కరెంటు కూడా వాడరంటారు, మరి వాళ్లు ఫ్లోరిడా ఎలా వస్తున్నారు? వాళ్లకున్నదేమిటి, మాకు లేనిదేమిటి? – ఒక పాఠకుడు, సరసోటా

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలండీ, తేలికైనది ముందు చెప్తాను.

ఆమిష్ వాళ్లది క్రైస్తవంలో ఒక పాత శాఖ. పసిపిల్లలకి కాదు, తెలిసి నమ్మిన పెద్దవాళ్లకే బాప్తిస్మం ఇవ్వాలని 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో పట్టుబట్టి విడిపోయినవాళ్లు ఉన్నారు, మెనొనైట్లు వాళ్ల పరంపరలోని వాళ్లే. 1693లో యాకోబ్ అమ్మన్ అనే పెద్ద వెంట అందులోంచి ఇంకో పాయ చీలింది, అదే ఆమిష్. కారు సొంతానికి పెట్టుకోరు గానీ వేరేవాళ్లు నడిపే బండి ఎక్కడానికి అభ్యంతరం లేదు, అందుకే ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా ఊళ్ల నుంచి బస్సుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వస్తారు. ఇది 1920ల నుంచీ ఉన్నదే. సెలరీ అనే ఆకుకూర పండించడానికి కొన్ని కుటుంబాలు సరసోటా పక్క పొలాలకి వచ్చాయి, ఆ రోజుల్లోనే పైన్‌క్రాఫ్ట్‌ని టూరిస్టు క్యాంపు కోసమని గుడారం పట్టేంత చిన్న చిన్న ముక్కలుగా ప్లాట్లు వేశారు. వ్యవసాయం సంగతి ఎలా ఉన్నా చలికి తట్టుకోలేని పెద్దవాళ్లకి ఆ చోటు నచ్చింది, ఒకరిని చూసి ఒకరు వచ్చారు.

కరెంటు గురించి: అక్కడి ఇళ్లకి కరెంటు ఉంది, వీళ్లు ఆ ఇళ్లలో ఉంటారు, వాడుకుంటారు. గుర్రబ్బండి లేదు, దాని బదులే మీరు చూసిన మూడు చక్రాల సైకిలు. సొంతూళ్లో సంఘ పెద్దలు కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, కొందరికి ఇది అసలు నచ్చదు. ఒక్కో సంఘానిది ఒక్కో కట్టుబాటు కాబట్టి అందరూ ఒకేలా ఉంటారని అనుకోకండి.

ఇక అసలు ప్రశ్న. వాళ్ల భక్తి గొప్పది, అందుకే కలిసి ఉంటారు అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, కానీ నేను అలా అనుకోవడం లేదు. మనవాళ్లలో భక్తికి కొదవ లేదు, విష్ణు సహస్రనామం కంఠతా వచ్చిన వాళ్లు పక్కపక్క ఫ్లాట్లలో ఉండి ఒకరి పేరు ఒకరికి తెలియకుండా సీజన్ మొత్తం గడిపేసిన సంగతులు నాకు చాలామంది రాశారు. పైన్‌క్రాఫ్ట్‌లో భక్తితో పాటు ఒక ఏర్పాటు ఉంది. ప్లాట్లు చిన్నవి కాబట్టి ఇళ్లు చిన్నవి, వరండాలు వీధిలోకే ఉంటాయి, లోపల టీవీ ముందు కూర్చునే అలవాటు లేదు, కాబట్టి మనుషులు బయట కూర్చుంటారు. నడిచో సైకిలు మీదో వెళ్తారు కాబట్టి దారిలో ఆగి మాట్లాడతారు. పార్కులో షఫుల్‌బోర్డ్ ఆట ఉంది, దాని చుట్టూ ఆడేవాళ్లకంటే చూసేవాళ్లు ఎక్కువ. పోస్టాఫీసు చాలా చిన్నది, దాని దగ్గర నోటీసు బోర్డు ఉంటుంది, ఎవరింట్లో అద్దెకి గది ఉందో, ఏ సాయంత్రం ఎక్కడ పాటలో అక్కడే తెలుస్తుంది.

బస్సు వచ్చే రోజు ఒకసారి వెళ్లి చూడండి. టూరిస్ట్ చర్చి అని పిలిచే అక్కడి చర్చి ఆవరణలో బస్సు ఆగే వేళకి సైకిళ్లన్నీ అక్కడే ఉంటాయి. బస్సు పొట్ట తెరిచి సూట్‌కేసులు, అట్టపెట్టెలు దింపుతుంటే ముసలాయన మెట్లు దిగేలోపు కింద నలుగురు చేతులు చాపి ఉంటారు. తమవాళ్లెవరూ రాకపోయినా, ఎవరెవరు దిగుతున్నారో చూద్దామని, పంటలెలా ఉన్నాయో, మంచు ఎంత పడిందో కనుక్కుందామని వచ్చేవాళ్లు అందులో చాలామంది. వచ్చిన రోజే మనిషి వచ్చినట్టు ఊరందరికీ తెలిసిపోతుంది. మనం కారులో గ్యారేజీలోకి వెళ్లి షట్టర్ దించేస్తే మనం వచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

ఇంకో సంగతి. వాళ్లు ఫ్లోరిడా వచ్చినా సొంతూరితో దారం తెగదు. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తున్న ‘ద బడ్జెట్’ అనే పత్రిక ఉంది, ఊరూరి నుంచి జనం రాసే ఉత్తరాలే దాని నిండా ఉంటాయి. ఎవరు జబ్బుపడ్డారు, ఎవరికి మనవడు పుట్టాడు, ఎవరు ఎవరింటికి చుట్టపు చూపుగా వచ్చారు. ఇక్కడి కబురు అక్కడికి, అక్కడి కబురు ఇక్కడికి చేరుతూనే ఉంటుంది. సీజన్‌లో హైతీ కోసం నిధులు పోగుచేసే వేలం పాట ఒకటి జరుగుతుంది, ఆడవాళ్లు కుట్టిన బొంతలు, మగవాళ్లు చేసిన చెక్క సామాను అమ్మి ఆ డబ్బు పంపుతారు. అంటే విశ్రాంతికి వచ్చిన చోట కూడా చేతికి పని ఉంది, ఆ పని పదిమందితో కలిసి చేసేది. అసలు రహస్యం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సొంతూళ్లో వేరు వేరు సంఘాలుగా ఉండి కలిసి ఆరాధన చేయని వాళ్లు కూడా ఇక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుని ‘పై’ అనే వంటకం తింటారు, ఒకే పాట పాడతారు.

వెనక డబ్బు కోణం కూడా ఉంది. సొంత పనులు చేసుకునే ఆమిష్ వాళ్లకి సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్ పథకం నుంచి మినహాయింపు ఇస్తూ 1965లో చట్టం వచ్చింది, వాళ్లు కట్టరు, తీసుకోరు. ముసలితనంలో చూసుకోవాల్సింది కుటుంబం, సంఘం. పొలం కొడుక్కి అప్పగించి పక్కనే చిన్న ఇల్లు కట్టుకుని తల్లిదండ్రులు అందులోకి మారడం వాళ్ల పద్ధతి. ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పని బతుకులో పలకరింపు మర్యాద కోసం చేసేది కాదు, అవసరం. మనకి పెన్షన్ ఉంది, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది, అందువల్ల ఎవరితో పని లేదనే ధీమా వచ్చింది, దాని ఖరీదే ఈ ఒంటరితనం.

అలాగని వాళ్లది స్వర్గం అనడం లేదు. చదువు ఎనిమిదో తరగతితో ఆపేస్తారు, బాప్తిస్మం తీసుకున్నాక సంఘం వదిలితే వెలి వేస్తారు. అవేవీ మనకి అక్కర్లేదు. మీరు చేయగలిగింది ఒకటుంది. వచ్చే ఏడాది అద్దె ఇల్లు వెతికేటప్పుడు చెరువు కనిపించే పెద్ద ఇల్లు వద్దు, తెలిసినవాళ్లు రెండు మూడు కుటుంబాలు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిన్న ఇల్లు చూడండి, కుదిరితే అందరూ ఒకే వారంలో దిగండి. సాయంత్రం ఒక వేళ పెట్టుకుని కుర్చీలు బయట వేయండి. పైన్‌క్రాఫ్ట్‌కి కూడా వెళ్లి మాట్లాడండి, మాది ఫలానా కౌంటీ అంటే చాలు, కబుర్లు మొదలవుతాయి. ఫోన్ తీసి మొహాల మీదికి ఫోటో మాత్రం పట్టకండి, వాళ్లకి అది బాధ.

ప్రశ్న: మావారు పోయి మూడేళ్లయింది. షికాగో దగ్గర ఉంటాను. చలికి కీళ్లు పట్టేస్తున్నాయని మా అబ్బాయి ఫ్లోరిడాలో 55 ఏళ్లు పైబడినవాళ్ల కమ్యూనిటీలో చిన్న కాండో, అంటే ఫ్లాటు, కొన్నాడు. నా బాధల్లా దేవుడి మందిరం గురించే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్కరోజు దీపం మానలేదు. అయిదు నెలలు ఇంట్లో దీపం లేకుండా తాళం వేసి పోతే దోషం కాదా? అక్కడికి వెళ్లి ఒక్కదాన్నీ ఏం చేయను? – ఒక పాఠకురాలు, నేపర్‌విల్

జవాబు: అమ్మా, ముందు మీ మనసు కుదుటపడే మాట చెప్తాను. చలికాలం దేవుళ్లే కిందికి దిగి వస్తారు. కేదారనాథ్ గుడి ఏటా యమ ద్వితీయ నాడు, అంటే మనం భగినీ హస్త భోజనం చేసుకునే రోజున మూసేస్తారు. స్వామి ఉత్సవమూర్తిని పల్లకీలో ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వరాలయానికి తెచ్చి ఆరు నెలలూ అక్కడే పూజ చేస్తారు. బదరీనాథ్ మూసినప్పుడు ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వర్‌కి వస్తారు, శంకరాచార్యుల గద్దె జోషీమఠ్ నరసింహస్వామి గుడికి చేరుతుంది. గంగోత్రి నుంచి గంగమ్మ ముఖ్బాకి, యమునోత్రి నుంచి యమునమ్మ ఖర్సాలీకి దిగుతారు. మూలమూర్తి కొండ మీదే ఉంటుంది, పూజ ఆగదు, చోటు మారుతుందంతే. అంతటి క్షేత్రాల్లోనే ఈ పద్ధతి ఉంటే మీరు దీపం ఫ్లోరిడాలో వెలిగిస్తే దోషమెలా అవుతుంది?

మీరూ అలాగే చేయండి. పెద్ద పటాలు, మందిరం అక్కడే ఉంచి శుభ్రం చేసి గుడ్డ కప్పండి. రోజూ చేతికి తగిలే చిన్న విగ్రహం, కుందులు, గంట, మీవారు పూజకి కూర్చున్న పీట ఉంటే అది, మీతో తీసుకెళ్లండి. సాలగ్రామం ఉంటే మాత్రం దానికి నిత్యపూజ తప్పనిసరి అంటారు కాబట్టి వెంట తీసుకెళ్లాలి లేదా నిష్ఠగా చేసేవాళ్లకి అప్పగించాలి, ఇది మీ ఇంటి పురోహితుల్ని ఒక్కమాట అడగండి.

కాండోలో దీపం సంగతి చిన్నదే గానీ టెన్షన్ పెడుతుంది. కర్పూర హారతికి పొగ అలారం మోగిందంటే చుట్టుపక్కల వాళ్లంతా బయటికొస్తారు. మందిరం అలారం కింద పెట్టకండి, వంటగదిలో పొగ లాగే ఫ్యాన్ పక్కన పెట్టుకోండి. నూనె దీపాన్ని వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో పెట్టండి, కొండెక్కేదాకా ఆ గదిలోనే ఉండండి. మంట వెలిగించడం గురించి అసోసియేషన్ నియమాలు ఏం చెప్తున్నాయో అబ్బాయిని ముందే చదవమనండి. అన్నట్టు, ఇలాంటి కమ్యూనిటీల్లో చట్ట ప్రకారం కనీసం 80 శాతం ఇళ్లలో ఒక్కరైనా 55 దాటినవాళ్లు ఉండాలి, మనవళ్లు వచ్చి ఎన్నాళ్లు ఉండొచ్చన్నదానికి ఎక్కడికక్కడ హద్దు పెడతారు. సెలవులకి పిల్లలొస్తారని ఆశపడి తర్వాత బాధపడకుండా అది కూడా ఇప్పుడే కనుక్కోండి.

ఒక్కదాన్నీ ఏం చేయను అన్నారు. ఆ మాట చదివి నాకు గుండె బరువెక్కింది. కానీ మీరు వెళ్లే కాలం ఎలాంటిదో చూడండమ్మా. డిసెంబర్ మధ్యలో ధనుర్మాసం మొదలు, అందులోనే ముక్కోటి ఏకాదశి, తర్వాత భోగి, సంక్రాంతి, రథసప్తమి, శివరాత్రి, తిరిగి వెళ్లే ముందు ఉగాది. మన పండగల్లో సగం ఆ నెలల్లోనే ఉన్నాయి. తిరుప్పావై ముప్పై పాశురాలు, రోజుకొకటి. మొదటి రోజు తెల్లవారి మీ ఇంట్లో మీరొక్కరే చదవండి, ఆ ముందురోజు మాత్రం క్లబ్‌హౌస్ బోర్డు మీద ‘ధనుర్మాసం, ఉదయం 6 గంటలు, ఫలానా నంబరు ఇల్లు, అందరూ రావచ్చు’ అని కాగితం అంటించండి. తమిళ మామి ఒకావిడ వస్తుంది, ఆవిడకి పాశురాలు రాగంతో వస్తాయి. కన్నడావిడ వస్తుంది. గుజరాతీ ఆవిడకి అర్థం తెలియకపోయినా ప్రసాదానికి కూర్చుంటుంది, నాలుగో రోజుకి తనూ ఒక భజన పాడతానంటుంది. కట్టెపొంగలి ఒక చిన్న గిన్నెడు చాలు. ఇరవై ఏడో రోజు కూడారై పాశురానికి నెయ్యి కారే పాయసం ఉందని ముందే చెప్పండి, ఆ రోజు ఎవరూ మానరు.

దగ్గర్లో గుడి ఉంటే వెళ్లండి, టాంపాలో హిందూ టెంపుల్ ఆఫ్ ఫ్లోరిడా లాంటి పెద్ద గుళ్లున్నాయి. ఒర్లాండోకి పైన టవారెస్‌లో శాంతినికేతన్ అని 2011 నుంచి భారతీయ పెద్దల కోసమే నడుస్తున్న కమ్యూనిటీ ఉంది, శాకాహార భోజనశాల, ప్రార్థన గది అక్కడే ఉంటాయి, ఒకసారి చూసి రావచ్చు. అయితే గుడికి దర్శనానికి మాత్రమే వెళ్తే భక్తుల గుంపులో ఒకరుగా వచ్చేస్తారు. దండలు కట్టడానికో, వంటశాలలో కూరగాయలు తరగడానికో శనివారం పొద్దున పేరివ్వండి. నాలుగు వారాలకి మీరు రాకపోతే ఫోన్ చేసి అడిగే మనిషి ఉంటుంది.

ప్రశ్న: వందనాలండీ. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మిన్నెసోటాలో స్థిరపడ్డాం, అక్కడ తెలుగు సహవాసం ఉంది, మా వారు అందులో పెద్దగా ఉన్నారు. రిటైరయ్యాక చలికాలం టెక్సస్‌లో రియో గ్రాండే వ్యాలీలో ఆర్‌వీ పార్కులో, అంటే ఇల్లులాంటి బండ్లు నిలుపుకుని ఉండే చోట, ఉంటున్నాం. పార్కు హాల్లోనే ఆదివారం ఆరాధన జరుగుతుంది, అన్ని శాఖల వాళ్లూ వస్తారు. మా కాపరి గారు ‘మీరు ఆరు నెలల విశ్వాసులైపోయారు’ అన్నారు, మనసు గుచ్చుకుంది. దశమభాగం ఎక్కడ ఇవ్వాలి? మేము ఎవరి సంఘస్థులం? – ఒక సోదరి, మెకాలెన్

జవాబు: సోదరీ, కాపరి గారి మాట గుచ్చుకున్నా ఆయన కష్టం కూడా ఒకటుంది, అది విన్నారా అని అడుగుతున్నాను. ఉత్తరాన చిన్న సంఘాలకి చలికాలమే గడ్డుకాలం. జనవరిలో సగం బెంచీలు ఖాళీ, కానుక పళ్లెం తేలిక, హీటింగ్ బిల్లు మాత్రం ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ. పాటలకి గొంతెత్తే పెద్దవాళ్లంతా ఒకేసారి వెళ్లిపోతారు. మీవారు పెద్ద కాబట్టి ఆ లోటు ఇంకా కనిపిస్తుంది. కాబట్టి దశమభాగం మామూలుగానే సొంత సంఘానికి నెలనెలా వెళ్లేట్టు బ్యాంకులో ఆటోమేటిక్‌గా పెట్టేయండి. పార్కు ఆరాధనకి అక్కడ ఇచ్చే కానుక ఇవ్వండి, అది దశమభాగంలోంచి తీయకండి. నా అభిప్రాయం సూటిగా ఇదీ: తిరిగి వెళ్లాక మీ పిల్లల పెళ్లిళ్లకీ, రేపు మన అంత్యక్రియలకీ నిలబడేది ఆ సంఘమే, దాన్ని చలికాలం పస్తు పెట్టకూడదు.

మెకాలెన్, మిషన్, వెస్లకో, హార్లింజెన్ ఊళ్లలో మీలా వచ్చేవాళ్లని వింటర్ టెక్సన్స్ అంటారు కదా, అక్కడి చర్చీలకి ఈ రాకపోకలు అలవాటే. ఈఎల్‌సీఏ (ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా) సంఘాల నియమావళిలో సీజనల్ సభ్యులు అని ఒక వర్గమే ఉంది. సొంత సంఘంలో సభ్యత్వం వదులుకోకుండా రెండోచోట కూడా పరిమితంగా ఓటుతో పాలుపంచుకోవచ్చు. మీరు వెళ్లే లూథరన్ చర్చి ఏదైనా ఉంటే అక్కడి కాపరిని అడగండి. పార్కు ఆరాధన మానక్కర్లేదు. మధ్యాహ్నం అదే హాల్లో కుర్చీలు పక్కకి జరిపి డాన్సులు, గిటార్లు పెడతారని మీరు నొచ్చుకుంటూ ఇంకో కాగితంలో రాశారు. నొచ్చుకోకండి, పొద్దున పక్కన కూర్చుని ప్రార్థించిన మనిషే మధ్యాహ్నం గిటారు వాయిస్తున్నాడు. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంగతిలో మాత్రం ఒక్కో శాఖకి ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి.

మీకు తెలుసో లేదో, మీ గుంటూరు సంఘానికీ మీరుండే మిన్నెసోటాకీ పాత చుట్టరికం ఉంది. 1842లో గుంటూరులో లూథరన్ పని మొదలుపెట్టిన హేయర్ దొర, తర్వాత అమెరికా వచ్చి మిన్నెసోటాలోనే సంఘాలు కట్టుకుంటూ తిరిగాడు. రాజమండ్రి మిషన్ చేతులు మారిపోతోందని తెలిసి 1869లో, 76 ఏళ్ల వయసులో, మళ్లీ మన దేశానికి ఓడెక్కాడు. మీ పార్కులో మిన్నెసోటా లూథరన్లు తప్పకుండా ఉంటారు, వాళ్లలో ఎక్కువమందికి ఈ కథ తెలియదు. ఒక ఆదివారం సాక్ష్యం చెప్పే సమయంలో మీరు చెప్పండి, ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి తెలుగులోనే పాడండి. సొంతూరి సహవాసం వాళ్లని వారానికి ఒక రాత్రి వీడియోలో కలపండి, మీవారు అక్కడి వాక్యపఠనం ఇక్కడినుంచే నడపొచ్చు. ఆరు నెలల విశ్వాసులన్న మాట అప్పుడు కాపరి గారే వెనక్కి తీసుకుంటారు.

ప్రశ్న: మా చోట తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. సత్సంగం అని మొదలుపెట్టాం, ఇప్పుడది వంటల పోటీ అయింది. ఒకరు పన్నెండు రకాలు చేస్తే ఇంకొకరు పదహారు. మోకాళ్లు అరిగిన వయసులో రెండు రోజులు వంట, మూడో రోజు మంచం. పైగా మెల్లగా ఫలానావాళ్లని పిలవడం మానేశారు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. – ఒక పాఠకురాలు, టాంపా దగ్గర

జవాబు: మొదటిదానికి మందు సులువు. వచ్చే వారం మీ ఇంట్లో వంతు అనుకోండి, పులిహోర, పెరుగన్నం, ఒక పండు. అంతకుమించి చేయొద్దని ముందే గ్రూపులో రాసేయండి, మీతో పాటు ఇంకో ఇద్దరు అలాగే చేస్తామని ఒప్పుకుంటే మిగతావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఎవరికీ వాళ్లంతట వాళ్లు తగ్గించే ధైర్యం లేక చేస్తున్నదే అది.

రెండోది మందుతో పోయేది కాదు. కులం చూసి పిలుపులు ఆపేస్తున్నారని అర్థమైంది. సముద్రాలు దాటి, ఒకే ఎండకి వచ్చి, పోయే కాలంలో కూడా ఈ లెక్కలేమిటని నాకు కోపం వస్తోంది. మీరు పిలవండి. మీ ఇంట్లో సత్సంగం రోజు ఆ మానేసినవాళ్లందరికీ మీరే స్వయంగా వెళ్లి చెప్పండి. అందుకని నలుగురు రాకపోతే రాకపోనివ్వండి, ఇంట్లో కుర్చీలు మిగిలినా ఫర్వాలేదు. ఇళ్ల మధ్య తిరిగే సత్సంగం పిలుపు మీద నడుస్తుంది, అందుకే అందులో ఇలాంటివి దూరుతాయి. క్లబ్‌హౌస్‌కి మార్చండి, బోర్డు మీద కాగితం పెడితే ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరినీ మానేయనక్కర్లేదు.

ప్రశ్న: టొరంటో నుంచి ఏటా ఫ్లోరిడా వెళ్తాం. పోయిన సీజన్‌లో మా పక్కింటి తెలుగాయన రాత్రి కుప్పకూలిపోయారు. ఆయన భార్యకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, మందుల చీటీ ఎక్కడుందో తెలియదు, పిల్లల నంబర్లు ఆయన ఫోన్లోనే ఉన్నాయి, దానికి తాళం. మేమంతా వెళ్లాం గానీ ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఆయన బతికారు. కానీ ఆ రాత్రి నుంచి భయం పట్టుకుంది. – ఒక పాఠకుడు, టొరంటో

జవాబు: ఆయన కోలుకున్నందుకు సంతోషం. మీరంతా వెళ్లారు చూశారా, అది చాలా పెద్ద విషయం. అయితే వెళ్లాక చేతిలో కాగితం ఉండాలి.

కెనడా నుంచి వెళ్లేవాళ్లకి ముందు ఒక మాట. ఒంటారియో ఆరోగ్య బీమా నిలవాలంటే ఏ 12 నెలల్లోనైనా కనీసం 153 రోజులు ఆ రాష్ట్రంలో ఉండాలి. అదీగాక అమెరికాలో ఆసుపత్రి ఖర్చుకి అది ఇచ్చేది చాలా తక్కువ. ప్రయాణ వైద్య బీమా లేకుండా కదలకండి, అందులోనూ పాత జబ్బుల గురించిన షరతు చదవండి. బయల్దేరే ముందు కొన్ని నెలల్లో బీపీ మాత్ర డోసు మార్చినా, ఆ జబ్బుకి డబ్బు ఇవ్వబోమని చెప్పే పాలసీలున్నాయి. అమెరికాలోనే ఉండేవాళ్లకి మామూలు మెడికేర్ ఏ రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది, కానీ ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ తీసుకున్నవాళ్లకి ఎమర్జెన్సీ తప్ప మిగతా వైద్యం సొంతూరి నెట్‌వర్క్‌కే పరిమితం కావచ్చు. ఇవి నవంబర్‌లో కాదు, సెప్టెంబర్‌లో తేల్చుకోవాలి.

ఇక మీ గుంపు చేయాల్సింది. సీజన్ మొదలైన మొదటి ఆదివారం అందరూ ఒకచోట కూర్చుని ఒకే రకం కాగితం నింపండి. పేరు, పుట్టిన తేదీ, జబ్బులు, మందులు, పడని మందులు, డాక్టరు నంబరు, బీమా నంబరు, పిల్లల నంబర్లు, ఇంటి తాళం చెవి ఎవరి దగ్గరుంది, ఏ పూజారిని లేదా ఏ పాస్టర్‌ని పిలవాలి. ఒక కాపీ ఫ్రిజ్ తలుపుకి, ఒకటి పక్కింట్లో. ఫ్లోరిడాలో మన తరఫున వైద్యం గురించి మాట్లాడే మనిషిని హెల్త్‌కేర్ సరోగేట్ అంటారు, ఆ కాగితం మీద ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టించండి. ముఖ్యంగా ఇంగ్లిష్ రాని ఆడవాళ్లు ఎవరెవరున్నారో చూసి, ఒక్కొక్కరికీ ఆసుపత్రిలో పక్కన కూర్చుని మాట చెప్పగలిగే ఇంకో ఆడమనిషిని ఇప్పుడే నియమించండి. డెబ్బైల్లో ఉన్నవాళ్లకి రాత్రి కారు నడపడం కష్టం, ఎవరు నడపగలరో కూడా ముందే రాసుకోండి.

మరో మాట, చాలామంది అడగడానికి మొహమాటపడతారు కాబట్టి నేనే చెప్తాను. అక్కడే ప్రాణం పోతే ఏం చేయాలన్నది భార్యాభర్తలు మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి. దహనం అక్కడా, సొంతూరికి తీసుకెళ్లాలా, పిల్లలు వచ్చేదాకా ఆగాలా, అస్థికలు గోదావరిలో కలపాలా. అప్పుడు ఆ రాత్రి ఆవిడ ముందు నిలబడ్డ పక్కింటివాళ్లు ఏం చేయాలో ఒకరి మొహాలు ఒకరు చూసుకోనక్కర్లేదు. ఈ కాగితాల పని మీ పక్కింటి ఆయనకే అప్పగించండి, ఒకసారి అనుభవించిన మనిషి కాబట్టి ఆయన అడిగితే ఎవరూ తర్వాత చూద్దామనరు.

వచ్చే నెల ఉగాది సంచిక కోసం పోయిన ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం చేసినవాళ్లు రాయండి. తిరిగి వెళ్లాక సొంతూరి గుడిలోనో చర్చిలోనో మళ్లీ కలవడం ఎలా ఉందో, ఆరు నెలల్లో అక్కడేం మారిందో, ఎవరు గుర్తుపట్టారో ఎవరు పట్టలేదో వివరంగా రాయండి.